సియాటిల్ చైనాటౌన్ పార్కులో అవ్వ

రెడ్‌మండ్‌కి వచ్చి మూడేళ్ళయినా సియాటిల్ చైనాటౌన్ చూడలేదు. ఆ శనివారం మా ఆయనకు ఆఫీస్ పని పడింది. నాలుగేళ్ళ మేఘనను తీసుకుని ఉదయం ఎనిమిదిన్నర బస్సెక్కాను. సంచిలో నీళ్ళు, బట్టలు, జ్వరం మందు, రెండు ప్యాకెట్ల వైప్స్. "వెళ్ళేది సియాటిల్‌కా, ఎవరెస్ట్‌కా?" అని ఆయన నవ్వారు. గత చలికాలం పాపకు న్యుమోనియా వచ్చినప్పటి నుంచి నాకు ఈ భయం పట్టుకుంది.

బస్సులో పక్కసీటు వరంగల్ అమ్మాయి, ఎంఎస్ చదువుతోందట. "గేట్ కాడ దిగండి అక్కా, బేకరీలు పొద్దుగాలే తెరుస్తరు" అంది.

పెంకుల కప్పున్న ఎర్రటి గేటు దాటగానే బేకరీ. నువ్వులద్దిన ఉండలు వేడిగా ఉన్నాయి, రెండు డాలర్లకొకటి. పంది కొవ్వు వేయలేదని రెండుసార్లు అడిగి కొన్నాను. లోపల చిక్కుడు గింజల తీపి ముద్ద; మన బూరెకు చుట్టమే.

పదింటికి పార్కుకు వెళ్ళాం. ముసలివాళ్ళు వరసగా నిలబడి, పాట పెట్టుకుని, నెమ్మదిగా వ్యాయామం చేస్తున్నారు. మేఘన వరస చివర చేరి చేతులు ఊపసాగింది. ఊదా స్వెటర్ వేసుకున్న ఒక అవ్వ వచ్చి, దాని రెండు చేతులూ పట్టుకుని భుజాల ఎత్తుకు లేపి, వేళ్ళు విప్పి చూపించింది. పాట ఆగగానే నేను పాపను దగ్గరకు లాక్కుని వైప్‌తో ఒక్కో వేలూ తుడిచాను.

తలెత్తితే అవ్వ చూస్తోంది. కోపం లేదు. తన అరచేతులు స్వెటర్‌కు తుడుచుకుని, ఒకసారి తిప్పి చూసుకుంది.

మళ్ళీ పాట మొదలైంది. మేఘన చేతులు చాచి పరుగెత్తింది. అవ్వ అడుగు వెనక్కి వేసి, దూరం నుంచే చేసి చూపించింది. "ప్లీజ్, ఇట్స్ ఓకే" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట అనాల్సింది నొచ్చుకున్న ఆమె, నేను కాదని. ఆమె నవ్వి తలూపింది. పాపను మాత్రం ముట్టుకోలేదు.

చూడాలనుకున్న మ్యూజియం, టీ కొట్లు వదిలేసి పదకొండున్నర బస్సెక్కాను. మీరు వెళితే ఉదయమే వెళ్ళండి, ఆ పార్కులో కాసేపు కూర్చోండి. మంచిచోటు. నేనే సరిగ్గా వెళ్ళలేదు.

బస్సు వంతెన మీదకు వచ్చాక మేఘన అడిగింది. "అమ్మా, ఆ గ్రాండ్‌మా మళ్ళీ నా హ్యాండ్స్ ఎందుకు పట్టుకోలేదు?"

"ఆమెకు చేతులు నొప్పమ్మా."

కాసేపు తన వేళ్ళకేసి చూసుకుంది. "నేను గట్టిగా ప్రెస్ చేశానా?"

కాదన్నాను. ఆమెను నొప్పించింది నేనేనని రెడ్‌మండ్ చేరాకే చెప్పాను.