అమ్మ తుడిచిన గాజుబిళ్ల

బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. మాది ఎడపల్లి, నాకు పన్నెండేండ్లు. అమ్మకు రొమ్ముల గడ్డ లేస్తే నిజామాబాద్ దవాఖానకు నేనే తోడు పోయిన. డాక్టరమ్మ గడ్డల సూది గుచ్చి, వచ్చిన చుక్కను గాజుబిళ్ల మీద పూసి కిటికీల ఆరబెట్టింది.

"ఇది హైదరాబాద్ పోవాలె. ఎసొంటి గడ్డనో అక్కడ చూసి చెప్తరు" అన్నది.

ఆమె చేతులు కడుక్కొని వచ్చేసరికి గాజు తళతళ మెరుస్తున్నది.

"ఎవరు తుడిచిండ్రు?"

"నేనే, డాక్టరమ్మా. నా నెత్తురు మీరు ముట్టుడెందుకని కొంగుతోని తుడిచిన" అన్నది అమ్మ.

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ మళ్ల సూది తీసింది. అమ్మ పండ్లు బిగవట్టి కూసుంది.

కొన్ని దినాలకు జవాబొచ్చింది. మాంసంల పుట్టే అరుదైన రాచపుండట, జల్ది కొయ్యాలట. కోసిండ్రు.

అమ్మ ఇంకా ఇరవై ఏండ్లు బతికింది. మసిపట్టిన కందిలి దీపం గాజు మాత్రం మళ్ల ఎన్నడు తుడువలే. దానికి నన్నే పిలిచేది.