చిన్న పని

నిన్న గ్రంథాలయంలో లావుపాటి నిఘంటువు తిరగేస్తుంటే, 'చిన్న' అనే మాట దగ్గర నా వేలు ఆగిపోయింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ కాన్పుకని తిరుపతి పెద్దాసుపత్రిలో ఉంది. నాయన నన్ను ఇదే గ్రంథాలయంలో వదిలి, "సిన్న పనుండాదమ్మీ, ఈడే కూసో" అని వెళ్లాడు.

చిన్న పనికి ఎంతసేపు పడుతుందో చూద్దామని నిఘంటువు అడిగి తీసుకున్నాను. కొద్దిది, వయసులో తక్కువది అని అర్థాలున్నాయి. కింద చిన్నచూపు, చిన్నబోవడం ఉన్నాయి. ఎంతసేపో మాత్రం లేదు. చదివేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఫ్యాన్లు ఆపేశారు.

"మీ నాయన ఇంకా రాలేదా పాపా?" అన్నాడు తలుపులు మూసే తాత.

"సిన్న పనంట."

"సిన్న పనికి ఇంత పొద్దా? కొండమీద ఏనుగుకి నీళ్లు పోసేదానికి పోయినాడేమో!"

నాకు నవ్వు రాలేదు.

చీకటి పడుతుండగా నాయన వచ్చాడు. మెట్ల పక్క కుళాయి దగ్గర గోళ్లలోని ఎర్రమట్టిని చాలాసేపు కడుక్కున్నాడు.

"పనైపోయిందా నాయనా?"

"అయిపోయిందమ్మీ."

చంద్రగిరి బస్సులో నేను నేర్చుకున్నదంతా గొప్పగా అప్పజెప్పాను. "చిన్నబోవడమంటే మొహం వాడిపోవడమంట, తెలుసా?"

నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంకేముండాదో చెప్పమ్మీ" అన్నాడు.

మా వైపు పురిటిలోనే పోయిన బిడ్డకు మేళం ఉండదు, దినాలుండవు. తండ్రి ఒక్కడే తీసుకెళ్లి పూడ్చి వస్తాడు. నాకొక తమ్ముడు అలా పోయాడని పెద్దయ్యాక అమ్మ చెప్పింది. ఆ సాయంత్రం మాత్రం ఊరొచ్చేదాకా నాయన అడుగుతూనే ఉన్నాడు, నేను అర్థాలు చెబుతూనే ఉన్నాను.