పిన్ని పెళ్ళి వీడియో

మొన్న మిర్చి బస్తా విప్పగానే దగ్గు తెర ముంచుకొచ్చింది, పిన్ని పెళ్ళి గుర్తొచ్చింది. ప్రత్తిపాడులో మిరపకాయలు ఆరబోసే కళ్ళంలోనే తాతయ్య పందిరి వేయించాడు. నీళ్ళు చల్లిద్దామంటే "ఊడిస్తే చాలదా?" అని కసిరాడు. సరిగ్గా ముహూర్తానికి జనమంతా అక్షింతలు వేయడానికి ఎగబడ్డారు. కాళ్ళ కింద నుంచి ఘాటు లేచింది. తెనాలి నుంచి వచ్చిన వీడియో అతను కెమెరాతో సహా ఊగిపోతూ తుమ్మాడు, కళ్ళనీళ్ళు కార్చాడు. పిన్ని వెళ్ళిపోతుందని నాలాగే ఏడుస్తున్నాడనుకున్నాను.

క్యాసెట్లో తాళి కట్టేచోట పందిరి గుడ్డ తప్ప ఏమీ లేదు.

"తాగొచ్చి తగలడ్డాడు వెధవ!" అన్నాడు తాతయ్య. ఆ తర్వాత మా ఊళ్ళో అతన్ని ఎవరూ పెళ్ళికి పిలవలేదు. పెద్దయ్యాక సంగతి అర్థమైనా, ఆ క్యాసెట్ వేసినప్పుడల్లా నేనూ అందరితో కలిసి నవ్వాను.

మొన్న బస్తా విప్పిన సాయంత్రమే పిన్నికి ఫోన్ చేశాను. "అతను తాగలేదు పిన్నీ, అది మిరప ఘాటు."

"నాకు తెలీదట్రా? నేను ఏడ్చిందీ ఆ ఘాటుకే!"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"పుట్టిల్లు వదల్లేక ఏడుస్తున్నానని అందరూ మురిసిపోతుంటే ఎలా చెప్పనురా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ పందిట్లో అందరి కళ్ళూ కారాయి. తాగుబోతన్న పేరు మాత్రం అతనొక్కడికే వచ్చింది.