దాటని గునపం

అచ్చమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ముక్తేశ్వరంలో ఎవరిని అడిగినా చెబుతారు. అది పూర్తి నిజం కాదు. ఆమె కోపం ముక్కు దగ్గర ఆగేది కాదు, తిన్నగా చేతిలోకి దిగేది. కొబ్బరి షెడ్డులో పీచు ఆరబెట్టే ఉమామహేశ్వరి జడ పట్టుకుని లాగిన లారీ డ్రైవరు మూతి మీద పచ్చి కొబ్బరికాయతో కొడితే రెండు పళ్ళు రాలాయి. అతను పోలీస్ స్టేషనుకు వెళ్ళలేదు. ఆడదాని చేతిలో దెబ్బలు తిన్నానని ఏ మొహంతో చెబుతాడు?

భర్త గంగయ్య జబ్బుచేసి పోయాక ఆమె అతని గునపం అందుకుంది. రాజేంద్రప్రసాద్ గారి కొబ్బరి షెడ్డులో కాయలు ఒలిచేవాళ్ళంతా మగవాళ్ళే. నేలలో పాతిన గునపం మొన మీదికి కాయను రెండు చేతులా దిగేసి, ఒంటి బలమంతా పెట్టి మెలితిప్పాలి. ఆ పనిలో ఆమె ఎవరికీ తీసిపోలేదు. ఒలుపు కార్మికుల సంఘానికి ఆమెనే అధ్యక్షురాలిని చేశారు. ఆవిడ అరుస్తుంటే మనం వెనక నిలబడొచ్చులే అనుకున్నారు మగమహారాజులు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. కష్టం వచ్చినవాడు తన గునపం పీకి వాకిట్లో అడ్డంగా పడేస్తాడు. ఇక ఎవరూ కాయ ముట్టరు. సంఘం పెద్ద వచ్చి ఆ గునపం ఎత్తితే ఆ కష్టం సంఘానిది. దాటి లోపలికి వెళ్ళిపోతే గునపం పడేసినవాడు సంఘానికి ఏమీ కాడు. గంగయ్య కంటే ముందు తరం వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది.

ఒక ఏడు సమ్మె జరిగింది. కాయ ఒలిచాక మిగిలే డొక్కను పీచు చేసే మిషను పళ్ళ మీద మూత లేదు, బిగించమని అడిగారు. రాజేంద్రప్రసాద్ గారు మూతకు బదులు కపిలేశ్వరపురం లంకల నుంచి పోలిరాజు అనే వస్తాదును పిలిపించారు. గేటు ముందు బైఠాయించిన అచ్చమ్మ కుడి మోచేతి మీద పోలిరాజు కర్ర పడింది. ఎముక విరిగిన చప్పుడు వెనక వరసలో వాళ్ళకు కూడా వినిపించింది. సమ్మె ఆ చప్పుడుతోనే పోయింది. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాచడానికీ ముడవడానికీ రాలేదు. ఒలుపు మాని ఆడవాళ్ళతో పీచు ఆరబెట్టుకుంటోంది. తన గునపాన్ని మాత్రం పీకనివ్వలేదు. ఉన్నచోటే పాతి ఉంది.

అవసరం తీరాక వస్తాదుకూ కూలి పనే దిక్కయింది. పోలిరాజు అదే షెడ్డులో ఒలుపుకు కుదిరి, సంఘంలో చేరతానని వచ్చాడు.

"చేర్చుకోండి. నా కళ్ళ ముందుకి మాత్రం రానివ్వకండి," అంది అచ్చమ్మ.

మిషను మనిషి రాని ఒక రోజు రాజేంద్రప్రసాద్ గారు పోలిరాజును మిషను దగ్గర నిలబెట్టారు. డొక్కతో పాటు కుడిచెయ్యి లోపలికి పోయింది. నాలుగు వేళ్ళు నలిగి పీచులో కలిసిపోయాయి. ఆ రోజు బయటికి వచ్చిన పీచు ఎర్రగా ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చి నష్టపరిహారం అడిగితే, తాగొచ్చి చెయ్యి పెట్టావన్నారు. రాజేంద్రప్రసాద్ గారి మనుషులు అతన్ని గేటు బయటికి ఈడ్చి, కట్టు కట్టిన చేతి మీదే తన్నారు.

మర్నాడు పొద్దున్నే పోలిరాజు ఎడమచేత్తో తన గునపం పెకలించి వాకిట్లో పడేశాడు.

పని ఆగిపోయింది. అచ్చమ్మ వచ్చి గునపం ముందు నిలబడింది. పోలిరాజు తల ఎత్తలేదు.

"దాటెయ్యి అక్కా," అన్నారు వెనక నుంచి ఎవరో.

రాజేంద్రప్రసాద్ గారు గుమ్మంలోకి వచ్చారు. "అచ్చమ్మగారూ, మీ చెయ్యి విరగ్గొట్టినోడండీ వీడు. దేవుడే చూసేడు. రండి లోపలికి."

అచ్చమ్మకు లోపల సంతోషంగానే ఉంది. అబద్ధం ఎందుకు? ఆ వేళ్ళు విరగాలని ఆమె ఎన్నోసార్లు కోరుకుంది. కాలు కూడా ఎత్తింది. ఎత్తిన కాలు వెనక్కి పెట్టి, వంగి, ఎడమచేత్తో గునపం ఎత్తి భుజాన వేసుకుంది.

"అదేంటక్కా?" అంది ఉమామహేశ్వరి.

"నాకు నచ్చినోళ్ళవే ఎత్తడానికి ఇదేమన్నా మా చుట్టాల పెళ్ళా?" అని కసిరింది.

రాజేంద్రప్రసాద్ గారి మనుషులు కర్రలతో మీదికొచ్చారు. మొదటివాడి మోకాలి చిప్ప మీద గునపం దిగింది. రెండోవాడి కర్ర ఆమె నుదురు చీల్చింది. నెత్తురు కళ్ళలోకి కారుతుంటే కనిపించినవాడినల్లా కొట్టింది. ఎప్పుడూ వెనక నిలబడే మగమహారాజులు ఈసారి కొబ్బరికాయలు అందుకున్నారు. పోలీసులు వచ్చేసరికి వాకిలంతా పగిలిన కాయలు, పగిలిన తలలు.

పోలిరాజు పరిహారం కేసు అమలాపురంలో లేబర్ ఆఫీసరు ముందుకు వెళ్ళింది. నుదుటి కుట్లతో అచ్చమ్మ సంఘం తరఫున నిలబడింది. రాజేంద్రప్రసాద్ గారు తొణకలేదు.

"వీడు రౌడీ అండీ. కావాలంటే ఈవిడ చెయ్యి ఎవరు విరగ్గొట్టేరో ఈవిడ్నే అడగండి."

పోలిరాజు మొహం పాలిపోయింది. నిజం చెబితే అతని కేసు పోతుంది. అబద్ధం చెబితే ఆమె చెయ్యి ఊరికే విరిగినట్టవుతుంది. అచ్చమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"కర్రతో విరిగిందండి. ఆ కర్ర ఎవరిదో అడగండి ముందు."

పోలిరాజు లేచి నిలబడ్డాడు. "కర్ర ఆయనిచ్చేరండి. కొట్టింది నేనేనండి. మిషనుకి మూత పెట్టమన్నందుకు కొట్టించేరండి. ఆ మూతే ఉంటే నా వేళ్ళుండేవండి."

ఆఫీసరు కలం పక్కన పెట్టి రాజేంద్రప్రసాద్ గారి వైపు తిరిగాడు. "అంటే మూత లేదని మీకు అప్పట్నుంచీ తెలుసన్నమాట."

పరిహారం ఇవ్వాలని, మూత బిగించేదాకా మిషను తిప్పకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఆఫీసు మెట్లు దిగగానే అచ్చమ్మ వెనక్కి తిరిగి, ఎడమచేత్తో పోలిరాజు చెంప మీద లాగి కొట్టింది. అతను తూలి గోడకు ఆనుకున్నాడు. పెదవి చిట్లింది.

"ఇది నాది. సంఘానికి సంబంధం లేదు."

"ఆయ్," అని తల ఊపాడు పోలిరాజు.

ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. కుడిచేత్తో తుడుచుకోబోతే అది మొహం దాకా రాలేదు. ఎడమచేత్తో తుడుచుకుంది.

"నీ గునపం మా ఇంట్లో ఉంది. వచ్చి పట్టుకుపో."

"ఈ చేత్తో నేనింకేం ఒలుస్తానండీ?"

"నేను ఒలుస్తన్నానా? నాది పాతి లేదూ? దాని పక్కనే పాతుకో. రేపు మళ్ళీ కష్టమొస్తే వాకిట్లో ఏం పడేస్తావురా?"