శ్యామ్ బాబు ఆపి చూసిన పిలుపు

ఒక వస్తువు కనబడకుండా పోయినా ఎవరూ అడగలేదంటే, అది ఎవరికీ అక్కర్లేదనుకోవాలా, అడగడానికి మొహమాటపడ్డారనుకోవాలా? శ్యామ్ బాబు గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. జవాబు మాత్రం ఇప్పటికీ తట్టలేదు.

కొత్తపేట దగ్గర కాలవ గట్టున ఒక కంటాసుపత్రి. అందులో కంప్యూటర్ల గది శ్యామ్ బాబుది. కుర్రతనంలో మలికిపురం నుంచి వచ్చి చేరినప్పుడు అక్కడున్నది ఒక్క కంప్యూటరే. తరవాత వచ్చిన ఒక్కో డాక్టరూ ఒక్కో సాఫ్ట్‌వేర్ తెచ్చారు. మందులకొకటి, కళ్లజోళ్లకొకటి, హాజరుకొకటి, ఆఖరికి క్యాంటీన్ కూపన్లకి కూడా ఒకటి. తెచ్చినవాళ్లు వెళ్లిపోయారు. అవి మాత్రం పెళ్లికొచ్చి ఉండిపోయిన చుట్టాల్లా అక్కడే తిష్ట వేశాయి. ఒకే మనిషి పేరు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉండేది. దేనికి జబ్బు చేసినా లేపి కూర్చోబెట్టవలసింది శ్యామ్ బాబే.

ఒకనాడు సూపరింటెండెంటు ఇందిర గారు పిలిచారు.

"శ్యామ్ బాబు గారూ, అన్ని పనులూ చేసే కొత్తది ఒకటి కొంటున్నామండీ. పాతవాటిలో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో మీరే తేల్చండి."

"ఆయ్, అలాగేనండి."

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మళ్లీ ఆవిడే, "కొత్తదాన్ని విశాఖపట్నం నుంచే కంపెనీవాళ్లు చూసుకుంటారట. మీరు మాత్రం ఉండాలండోయ్" అన్నారు.

నిజంగా ఉండమన్నారా, మాటవరసకన్నారా? ఆ రోజు నుంచి ఆ మాట అతనికి పంటి కింద రాయి అయింది.

ఎవర్నడిగినా "మాది ఉంచండీ" అంటారని తెలుసు. అందుకని అడగడం మానేసి, ఒక్కోదాన్నీ చెప్పాపెట్టకుండా ఆపి చూడసాగాడు. రెండు వారాల్లోగా ఎవరైనా వచ్చి కావాలని అడిగితే ఉంచడం, లేకపోతే తీసెయ్యడం.

ముందు కూపన్లది ఆపాడు. క్యాంటీన్ నడిపే సాయిదుర్గాప్రసాద్ పది రోజుల తరవాత టీ ఇస్తూ నవ్వాడు.

"ఏంటండీ, మా కంప్యూటర్ని చంపేసేరు?"

"ఇన్నాళ్లకా అడగడం?"

"మీకు చెబితే మళ్లీ బతికించేస్తారేమోనండీ! దాని చోట్లో చట్నీ బకెట్టు పెట్టుకున్నాను. ప్రాణం హాయిగా ఉంది."

శ్యామ్ బాబూ నవ్వాడు. తన పద్ధతి మీద నమ్మకం కుదిరింది. ఒకటొకటిగా చుట్టాలందరూ బయల్దేరారు.

చివరికి మిగిలింది తను స్వయంగా రాసిన ప్రోగ్రాం. ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ చూపించుకోవలసిన రోజు దగ్గరపడగానే వాళ్ల ఫోనుకి కబురు పంపుతుంది. పేరు, పేరు పక్కన గారూ, 'మీ కంటిని మరొకసారి చూడాలి, గురువారం దయచేసి రండి' అని. ఆ 'దయచేసి' ఎక్కడ పెడితే బాగుంటుందా అని ఆ రోజుల్లో నిద్ర మానుకుని ఆలోచించాడు. కొత్తదాంట్లో ఇలాంటిది లేదు. ఇది ఉంచుదామంటే కాదనేవాళ్లూ లేరు. కానీ అందరివీ ఆపి చూసి తనది వదిలేస్తే ఏం న్యాయం? ఇది అక్కర్లేదని తేలితే తనూ అక్కర్లేనట్టేనని తెలిసే, ఓ సోమవారం దాన్నీ ఆపేశాడు.

ఎవరూ రాలేదు. చూపు పరీక్షల గదిలో నర్సు లిడియా రోజూలాగే "టిఫిన్ చేసేరాండీ?" అని పలకరించేది. అంతే. పక్షం గడిచింది. తీసెయ్యవలసినవాటిలో దాని పేరూ చేర్చాడు.

మర్నాడు వరండాలో కామేశ్వరమ్మ గారని ఒక పెద్దావిడ. ఆపరేషన్ అయిన కుడికన్ను ఎర్రబడి ఉంది. లిడియా చుక్కలు వేస్తోంది.

"పోయిన వారమే రావాలి కదండీ మీరు?" అన్నాడు శ్యామ్ బాబు, అటుగా వెళ్తూ ఆవిడ చీటీ మీది తేదీ చూసి.

"పిలవందే ఎలా వస్తాను నాయనా? ఎడంకంటికి చేసినప్పుడు, కామేశ్వరమ్మ గారూ దయచేసి రండి అని బొట్టు పెట్టినట్టు పిలిచేరు. మా మనవరాలు చదివి వినిపించింది. ఈసారి కబురే లేదు. పిలవని పేరంటానికి వెళ్లడమేమిటని, సలుపుతున్నా ఓర్చుకున్నాను."

"భయం లేదండీ, చుక్కలతో తగ్గిపోద్దన్నారు డాక్టరు గారు" అంది లిడియా.

ఆవిడ వెళ్లాక శ్యామ్ బాబు గొంతు తగ్గించి అడిగాడు. "కబుర్లు వెళ్లడం లేదని నీకు తెలుసా?"

"ఆయ్, తెలుసండి. మొదటి గురువారమే సగం మంది రాలేదు కదండీ. ఇంటికెళ్లేక నా ఫోన్లోంచి చేస్తున్నాను. ఈవిడ నంబరే కలవలేదు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"మీరు రాసుకున్నది మీరే ఆపేరంటే ఏదో ఆలోచించే ఆపుంటారనుకున్నామండీ. వచ్చి అడిగితే మిమ్మల్ని తప్పుపట్టినట్టుంటుంది కదా."

తను రాసింది కావలసిందేనన్నమాట. ఆ సంతోషం ఆ ఎర్రటి కన్ను ముందు నిలవలేకపోయింది. వెంటనే వెళ్లి ప్రోగ్రాం మళ్లీ నడిపించాడు. తరవాత విశాఖపట్నం వాళ్లకి ఫోన్ల మీద ఫోన్లు చేసి, కొత్తదాంట్లోనూ ఆ కబురు పెట్టించాడు. ఇంగ్లీషులో రెండు ముక్కలు చాలవా అన్నారు వాళ్లు. చాలవన్నాడు. గారూతో సహా, దయచేసితో సహా తన వాక్యమే ఉండాలని పట్టుబట్టి సాధించాడు.

ఆ మాట చెబితే ఇందిర గారు సంతోషించారు. "మీరుండబట్టి సరిపోయిందండీ. మీరు మాత్రం ఉండాలండోయ్."

మళ్లీ అదే మాట, అదే చిరునవ్వు.

కొత్తది పిలిచిన మొదటి గురువారం వరండా నిండిపోయింది. కామేశ్వరమ్మ గారు మనవరాలితో వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు. కన్ను తేటగా ఉంది. లిడియాకి తలెత్తే తీరిక లేదు. శ్యామ్ బాబు తన గదిలోకి వెళ్లి పాత ప్రోగ్రాంని ఆఖరిసారి ఆపాడు. ఈసారి ఏమవుతుందోనన్న బెంగ లేదు.

వెళ్తున్నానని ఒక్క మాట అంటే అందరూ ఉండమంటారు. లిడియా అంటుంది, ఇందిర గారు అంటారు, దుర్గాప్రసాద్ అయితే చెయ్యి పట్టుకుని ఆపుతాడు. అది మనసులో మాటో, మర్యాదో తేల్చుకోవడం మాత్రం తన వల్ల కాదు.

రోజూ జేబులో వేసుకెళ్లే గది తాళంచెవిని, ఎవరికీ చెప్పాపెట్టకుండా, మేకుకి తగిలించాడు.

"టీ తాగుతారాండీ?" క్యాంటీన్ కిటికీలోంచి కేక.

చెయ్యి ఊపాడు. ఔననో కాదనో తెలియకుండా ఊపి, గేటు దాటి, మలికిపురం బస్సెక్కాడు.