ఆల్బంలో లేని పడవ బిట్టు

పెంచలకృష్ణకు తాగుడు లేదు, పేకాట లేదు, పొగాకు వాసన కూడా పడదు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. ఎప్పుడో చూసిన ఒక సినిమాలో, పడవ వెళ్ళిపోయే చోట వచ్చే మ్యూజిక్ బిట్టు ఆ సినిమా క్యాసెట్లో లేదని, సీడీలో లేదని, ఫోన్లో లేదని ఎదురుపడిన వాళ్ళందరి మీదా అరవడం. చెప్పడం కాదు, అరవడమే. సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఎలా తెలుస్తుందో ఏమో, మనిషి వచ్చి మన పక్కనే కూర్చుంటాడు.

ఈ జబ్బు గురించి అందరికంటే ముందు తెలిసింది ఆయన భార్య విజయకుమారికి. ఆవిడది కృష్ణపట్నం పక్క. పెళ్ళి భోజనాలయ్యాక పందిట్లో పక్కన కూర్చోబెడితే పెళ్ళికొడుకు మెల్లగా వంగి, "నిన్నొక మాట అడగాల" అన్నాడు. పెళ్ళికూతురు తల దించుకుంది.

"ఆ పడవ సినిమా చూసినావా?"

"చూసినా. నెల్లూరులో."

"పడవ పోయే కాడ బిట్టు ఎట్టుండాది?"

"ఆడ బిట్టేం లేదే. ఉత్త అలల చప్పుడే."

అంతే. పెళ్ళికొడుకు కుర్చీలోంచి లేచి, "నెల్లూరోళ్ళు కోసేసినారు! అట్టాంటి బిట్టుని కోసేసినారు!" అని గొంతెత్తాడు. బ్యాండు మేళం వాళ్ళు విస్తళ్ళ ముందు చేతులాపేశారు. ఆడపెళ్ళివారు ఏం కోసేశారో తెలియక పెరట్లో కట్టేసిన మేక దగ్గరికి పరిగెత్తారు.

అప్పట్నుంచీ విజయకుమారి బతుకు ఇదే. కావలికి తూర్పున, సముద్రం ఒడ్డునే, జాలర్లుండే వాళ్ళ పట్టపుపాలెం. ఒకసారి తుఫానుకి పాలెమంతా షెల్టరులో చేరితే ఆఫీసరుగారు వచ్చి, పెంచలకృష్ణ ముందు ఆగి, "మీకేం లేదో చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. ఇల్లు కప్పు ఎగిరిపోయి ఉంది. "క్యాసెట్లో బిట్టు లేదు సార్" అన్నాడు పెంచలకృష్ణ, మూలన దుప్పటి కప్పుకున్నవాళ్ళక్కూడా వినపడేలా. ఇంకోసారి కళ్ళ శిబిరంలో డాక్టరు, "కింద లైను కనపడుతోందా?" అని అడిగితే, "కనపడేయన్నీ కనపడతా ఉండాయి సార్. వినపడాల్సిందే వినపడలేదు!" అని మొదలుపెట్టాడు. వెనక వరసలో ముసలీ ముతకా పకపకా నవ్వారు. విజయకుమారి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసింది.

"కొంచెం మెల్లగా ఏడవకూడదా? ఆ గొంతేందయ్యా?" అంటే వినడు. పైగా ఏడాదికేడాదికీ గొంతు పెరుగుతోంది. కుర్రతనంలో టూరింగ్ టాకీసులో ఆయిలింజన్ తిప్పాడు, డేరా ఎత్తేశాక పడవ ఇంజన్ల మెకానిక్ అయ్యాడు, ఇంజన్ల మధ్య బతికీ బతికీ గొంతు అట్లా తయారైందని ఊళ్ళో సరిపెట్టుకున్నారు.

కొనడంలో మాత్రం లోపం చెయ్యలేదు. మొదట రికార్డు కొన్నాడు. ఇంట్లో ప్లేయరు లేకపోతే కావలిలో మైకుసెట్టు షాపువాణ్ణి బతిమాలి వేయించుకుని విన్నాడు. బిట్టు లేదు. తర్వాత క్యాసెట్టు. లేదు. తర్వాత సీడీ. అదీ లేదు. ఇప్పుడైతే సీడీలే లేవు. షాపుల్లో అడిగితే, పాపం ఈ మనిషి ఏ ఊరినుంచి తప్పిపోయి వచ్చాడో అన్నట్టు చూస్తారు.

"ఫోన్లో అన్నీ వస్తా ఉండాయి కదన్నా" అంటారు కుర్రవాళ్ళు.

"ఫోన్లోది ఇయ్యాళుంటది, రేపు తీసేస్తారు. చేతికి తగలాలబ్బా! పెట్టెలో పెట్టుకోవాల! చేతికీ తగలదు, బిట్టూ లేదు, ఏందిది?"

ఈ ఏడుపులో ఆయన ఒంటరి కాడు. చిన్నప్పుడు ఆ డేరాలో ఇసక మీద నేల టికెట్టుకి కూర్చుని ఆ బిట్టు విన్నవాళ్ళంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పేరు 'పడవ బిట్టు సాధన సమితి'. దానికి పెద్ద సుధాకర్. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం, ఆదివారాలు ఇంటికి వస్తాడు. చేపల లారీ నడిపే చిన్నబాబు ఇంకో ముఖ్యుడు. సమితి సమావేశాలు బస్సు ఆగే చోట, కామమ్మ టీ బంకు దగ్గర.

"అది షెహనాయ్" అంటాడు చిన్నబాబు.

"షెహనాయ్ నీ మొహం" అంటాడు సుధాకర్. "వయొలిన్లు. ఒకటి కాదు, యాభై మందిని మద్రాసులో కూచోబెట్టి వాయించినారు."

"యాభై మంది వాయిస్తే ఒకడు వాయించినట్టు వినపడతదా?"

"అదే కదా గొప్ప!"

ఇద్దరూ చొక్కాలు పట్టుకునే లోపల పెంచలకృష్ణ మధ్యలోకి వస్తాడు. "షెహనాయో, వయొలినో! అట్టాంటి బిట్టు ఇండియాలో ఇంగోటి పుట్టలేదబ్బా! పుట్టదు కూడా!" బంకు మీద గాజు గ్లాసులు గలగలలాడతాయి.

పక్క బల్ల మీద ముసలి హజరత్తయ్య టీ ఊదుకుంటూ కూర్చుని ఉంటాడు. వెనకటి బ్యాండు మేళం మనిషి. డీజేలు వచ్చి మేళం మూలపడ్డాక ఆయనకి ఉన్న కాలక్షేపం ఈ బంకే. అన్నీ విని, "అంత బాగుంటదా అబ్బయ్యా ఆ బిట్టు?" అని అమాయకంగా అడుగుతాడు.

"బాగుంటదా అనా తాతా? ఎముకలు కరిగిపోతాయి!" అంటాడు చిన్నబాబు.

హజరత్తయ్య బోసినోటితో నవ్వి ఇంకో టీ చెబుతాడు.

ఇలా హాయిగా సాగిపోతుండగా ఒక ఆదివారం సుధాకర్ ఎగురుకుంటూ వచ్చాడు. "అన్నా! మనం గెలిచినామన్నా! కంపెనీవాళ్ళు పెద్ద పెట్టె తెచ్చినారు. సినిమాలో మ్యూజిక్ మొత్తం, ఒక్క ముక్క వదలకుండా, సీడీల్లో! ఆర్డరు పెట్టేసినా. వచ్చే ఆదివారం ఈడే వింటాం!"

చిన్నబాబు ఈల వేశాడు. కామమ్మ అందరికీ పంచదార ఎక్కువేసి టీ ఇచ్చింది. అందరూ పెంచలకృష్ణ వైపు తిరిగారు, ఇప్పుడు బంకు కప్పు లేచిపోతుందని. ఆయన మొహం మాత్రం పాలిపోయింది. "అంత తొందరేందబ్బా సుధాకరూ?" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు. "మే, కొరియరోళ్ళు అప్పుడప్పుడూ పెట్టెలు పోగొడతారంట, నిజమేనా?" అన్నాడు ఆశగా.

విజయకుమారి గరిటె కింద పెట్టింది. "ఇన్నేళ్ళూ ఊరు దద్దరిల్లేట్టు అరిచింది దానికోసమే కదయ్యా? ఇప్పుడేమొచ్చింది నీకు?"

"అడగబాక మే. మాటిచ్చుండా."

"ఎవురికి?"

పెంచలకృష్ణ చెయ్యి కడిగేసుకున్నాడు. ఏ మాటా దాచుకోలేని మనిషి కడుపులో తనకు తెలియని మాటొకటి ఉందంటే ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు.

ఆ వారమంతా ఆవిడ మొగుణ్ణి ఒక కంట కనిపెడుతూనే ఉంది. పాల ప్యాకెట్ల కోసం పొద్దున్నే బంకుకి వెళ్ళినప్పుడు ఒక వింత కనిపించింది. హజరత్తయ్యకి జ్వరమట, రాలేదు. చిన్నబాబు తనంతట తనే బిట్టు మాటెత్తినా పెంచలకృష్ణ, "ఊఁ" అని ఊరుకున్నాడు. మర్నాడూ అంతే. మూడో రోజు ముసలాయన మఫ్లరు చుట్టుకుని కర్ర పొడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడో లేదో, "ఏమబ్బా చిన్నబాబూ, ఆ బిట్టు ముందర ఈ కాలం మ్యూజిక్కు ఎందుకబ్బా పనికొస్తది!" అని గొంతు లేచింది. విజయకుమారి పాలు పుచ్చుకుని ఇంటికి నడిచింది గాని దారంతా ఆ ముసలాయన మొహమే కళ్ళముందు ఆడింది.

ఆదివారం రానే వచ్చింది. కొరియరువాడు పెట్టె పోగొట్టలేదు. కామమ్మ ఇంట్లోంచి పాత డీవీడీ ప్లేయరు, వినాయకచవితి సౌండు బాక్సు తెచ్చి బంకు ముందు పెట్టారు. ప్లగ్గు దగ్గర తచ్చాడుతున్న మొగుణ్ణి విజయకుమారి రెక్క పట్టుకుని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది. హజరత్తయ్య ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

సుధాకర్ సీడీలు వరసగా వేశాడు. పాటలు, కొట్లాటలు, ఏడుపులు అన్నీ అయ్యాయి. పడవ భాగం వచ్చింది. అలలు. అందరూ ముందుకు వంగారు. మళ్ళీ అలలే. సీడీ ఆగిపోయింది.

"మళ్ళీ కోసేసినారు!" చిన్నబాబు లేచాడు.

సుధాకర్ అక్కడికక్కడే కంపెనీ నంబరుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. అవతలి మనిషి ఓపిగ్గానే చెప్పాడు. "కోయడం కాదు సార్. ఆ సీన్‌కి మ్యూజిక్కే చెయ్యలేదు. అలల చప్పుడు చాలని డైరెక్టరు గారే అన్నారట. టేపులన్నీ వెతికాం. అలాంటి బిట్టు అసలు లేదు సార్."

సుధాకర్ ఫోన్ పెట్టేశాడు.

"అయితే మనం విన్నిందేంది?" అన్నాడు చిన్నబాబు.

"ఏందో... చిన్నపిల్లోళ్ళం. ఊహించుకోనుంటాం" అన్నాడు సుధాకర్ నీరుగారిపోయి. "గ్రూపు మూసేస్తా. నవ్వతారు జనం."

"ఏమన్నాడ్రా ఫోన్లో ఆయన?" అన్నాడు హజరత్తయ్య, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

పెంచలకృష్ణ ముసలాయన పక్కన గొంతు కూర్చున్నాడు. "లేదంటన్నా" అన్నాడు. పక్కన నిలబడ్డ విజయకుమారికే సరిగ్గా వినపడలేదు.

"గట్టిగా చెప్పరా."

ఊరంతా దద్దరిల్లేలా అరిచే మనిషికి ఆ ఒక్కసారి నోరు పెగల్లేదు. చూసి చూసి విసుగెత్తి కామమ్మే అరిచింది. "అట్టాంటి మ్యూజిక్కే లేదంట తాతా! వీళ్ళంతా కలగన్నారంట!"

హజరత్తయ్య కర్ర ఊతంతో లేచాడు. బక్క మనిషి, మెడ నరాలు ఉబ్బాయి. "లేదా? లేకుంటే నేను వాయించిందేందిరా?"

సమితి మొత్తం ఘొల్లున నవ్వింది. "కూచో తాతా, జ్వరం తగ్గినట్టు లేదు" అన్నాడు సుధాకర్.

"ఆ సముద్రం మళ్ళీ పెట్టు" అన్నాడు ముసలాయన.

పెట్టాడు. అలలు మొదలయ్యాయి. హజరత్తయ్య చేతికర్రని క్లారినెట్టులా పట్టుకున్నాడు. వేళ్ళు కర్ర మీద ఆడుతుంటే, బోసినోటితో, సన్నటి గొంతుతో అలల మీద రాగం తీశాడు. అదే బిట్టు. ఒక్క మెలిక కూడా తప్పలేదు. చిన్నబాబు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. సుధాకర్ కళ్ళు తుడుచుకున్నాడు. కామమ్మ టీ పొంగి పొయ్యిలో పడినా చూసుకోలేదు.

"క్లారినెట్టా!" అన్నాడు చిన్నబాబు చివరికి. "షెహనాయని నేను ఎంతమందితో కొట్లాడితిని సామీ!"

ఇక దాచి లాభం లేదని పెంచలకృష్ణ బయటపెట్టాడు. "అరిగిపోయిన ప్రింటు పంపించినారబ్బా. ఆ కాడికొచ్చేటప్పటికి బరబరా గోల. ఆపరేటరు సౌండు కట్టేసినాడు. జనం ఇసక చల్లతా ఉండారు. డేరా పీకేటట్టుండారు. ఈ అన్న పెళ్ళిమేళం ముగించుకొని తెర ఎనకాల కూచోనుండాడు, టికెట్టు లేకుండా. పోయి కాళ్ళు పట్టుకున్నా, ఏదో ఒకటి వాయించన్నా అని."

"తెర ఎనకనించి పడవ అద్దంలో మాదిరి ఎదురు దిక్కుకి పోతా ఉండాది" అన్నాడు హజరత్తయ్య. "అయినా వాయించినా. ఆ సినిమా ఉన్నన్నాళ్ళూ, ఆటాటకీ వాయించినా."

"మరి చెప్పలేదేం తాతా?"

"మర్నాడే మీ నాయనోళ్ళు ఈడ చేరి, ఎవుడో పెద్ద డైరెక్టరు చేసినాడురా అని ఒకటే పొగడ్త. నేనే అని చెప్పినాననుకో, ఓహో మన పెళ్ళిమేళమా అని టీ తాగి పోతారు. పొగడ్త ఆగిపోతదని ఈడి చేత ఒట్టేయించుకున్నా." ముసలాయన పెంచలకృష్ణ వైపు చూసి నవ్వాడు. "చెప్పొద్దన్నా గానీ అరవమన్లా. అది ఈడి సొంత తెలివి."

విజయకుమారికి అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. పెళ్ళిపందిట్లో విస్తరి ముందు చెయ్యాపిన బ్యాండు మేళం. షెల్టరులో ఒక మూల దుప్పటి కప్పుకున్న మనిషి. కళ్ళ శిబిరంలో వెనక వరస. ప్రతి చోటా ఈ ముసలాయన ఉన్నాడు. ఆయనకి ఏడాదికేడాదికీ వినికిడి తగ్గుతుంటే తన మొగుడి గొంతు పెరుగుతూ వచ్చింది. ఇంజన్ల వల్ల కాదు. ఈ పిచ్చిమనిషి మీద ఆవిడకి కోపమూ వచ్చింది, దానికి పదింతలు ముద్దూ వచ్చింది. నలుగురిలో ఉన్నారు కాబట్టి ఊరికే భుజమ్మీద ఒకటి చరిచింది.

సుధాకర్ అప్పటికే ఫోన్ తీసి రికార్డు చేస్తున్నాడు. "తాతా, అలలతో కలిపి దీన్ని సీడీ చేయిస్తాం. ఈ పెట్టెలోనే పెడతాం. దాని మీద నీ పేరు."

"పెద్ద అక్షరాలతో ఏయించు అబ్బయ్యా" అన్నాడు హజరత్తయ్య. "నాకు చూపు కూడా తక్కువే."

అందరూ లేచేసరికి ఎండ ముదిరింది. హజరత్తయ్య కర్ర పొడుచుకుంటూ తన సందు వైపు నడిచాడు. ఇంతలో కావలి బస్సు వచ్చి ఆగింది. ఎవరో కొత్త మనిషి సంచీతో దిగి, రేవుకి దారెటని అడిగాడు. పెంచలకృష్ణ దారి చూపించి, ఊరుకోలేక అతని భుజమ్మీద చెయ్యేశాడు. "సార్, పడవ సినిమాలో బిట్టు తెలుసా? అది వాయించింది మా హజరత్తయ్యన్న!"

ఆ మనిషి బిత్తరపోయి సంచీ గుండెలకి హత్తుకున్నాడు. విజయకుమారి సందు వైపు తలెత్తి చూసి, మొగుడి మోచేతిని పొడిచింది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పయ్యా. ఆయనింకా మలుపు తిరగలేదు."