గట్టు లేని మైదానం

ధవళేశ్వరం దాటాక కాలవ పక్క రోడ్డు మీద స్కూటీ నడుపుతుంటే ఆ వాసన తగిలింది. వేసవిలో కాలవ కట్టేశాక, నీళ్లన్నీ ఇంకిపోయి, అడుగున మిగిలిన బురద ఎండుతూ, నత్తగుల్లలు మగ్గుతూ వచ్చే వాసన. దారినపోయేవాళ్లకి అది కంపు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే కాళ్లు ఊరుకోవు. వెనక కూర్చున్న మా అమ్మాయి హాసిని ముక్కు మూసుకుని, "తొందరగా పోనివ్వమ్మా" అంది. నేను బండి పక్కకి ఆపి కాలవలోకి తొంగి చూశాను. రెండు గేదెలు తప్ప లోపల ఎవరూ లేరు. "ఏంటమ్మా, ఇప్పుడు ఇదేంటి?" అని విసుక్కుంది. దాని విసుగులో న్యాయం ఉంది. కొన్ని రోజులుగా నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు, దాన్ని కూర్చోనిచ్చిందీ లేదు.

హాసినికి పధ్నాలుగేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వచ్చే ఏడు పదో తరగతి. మా ఆయన వేసవి మొదట్లోనే తేల్చి చెప్పేశారు. "ఒక్క క్లబ్బు చూసి చేర్పించు. అక్కడ కుదురుకుంటే టెన్త్‌లో కూడా ఆడుకోనీ. లేదంటే ఆట సంగతి ఇంక మర్చిపోండి. నెలకో చోటికి తిప్పితే చదువూ ఉండదు, ఆటా ఉండదు" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. అందుకే నాకు భయం వేసింది. తప్పు చోట చేర్పిస్తే మా పిల్ల ఆట అక్కడితో ఆగిపోతుంది. తొమ్మిదో తరగతిలో ఆట ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రాజమండ్రిలో మేం చూసినవి రెండు. ఒకటి కొత్త టర్ఫ్ క్లబ్బు. పచ్చటి తివాచీ లాంటి నేల, చుట్టూ వల, పైన కూడా వల, పెద్ద పెద్ద లైట్లు, తల్లిదండ్రులు కూర్చోవడానికి అద్దాల గది, అందులో ఏసీ. హాసిని నెలరోజులుగా ట్రయల్ మీద అక్కడికే వెళ్తోంది. స్నేహితులు దొరికారు, సంతోషంగా ఉంది. చేరేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పమన్నారు. రెండోది ఊరి చివర పాత మైదానం. నీలవేణి అనే అమ్మాయి కోచింగ్ ఇస్తుంది. లైట్లు లేవు, గది లేదు, గడ్డి కూడా అక్కడక్కడే. ఎవరినడిగినా మొదటిదే అంటారు. నాకూ వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు. కానీ ఆ అద్దాల గదిలో కూర్చుంటే ఏదో తేడా కొట్టేది. లేచేదాన్ని, మళ్లీ కూర్చునేదాన్ని. పక్కావిడ, "నడుం నొప్పా అండీ?" అని అడిగింది కూడా. ఆ తేడా ఏంటో ఈ కాలవ గట్టు మీద నిలబడితే గాని నాకు అర్థం కాలేదు. అర్థం కాగానే కృపావతి టీచర్ గారు గుర్తొచ్చారు.

నిడదవోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ ఆటల టీచరు. పొట్టిగా, నల్లగా ఉండేవారు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకునేవారు. ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. స్టాఫ్ రూంలో టీ కూడా నిలబడే తాగేవారు. "కూర్చోండమ్మా కృపావతి గారూ, మిమ్మల్ని చూస్తే నాకు ఆయాసం వస్తోంది" అని హెడ్మాస్టరు గారు బతిమాలేవారు. ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతానని ఆవిడ పట్టుబట్టేనాటికి స్కూలు గ్రౌండంతా మగపిల్లల క్రికెట్టు. వాళ్లని అడిగితే నవ్వారు. ఆవిడ వాదించలేదు. వేసవి సెలవులకి కాలవ కట్టేయగానే మమ్మల్నందరినీ పోగేసి, గట్టు దింపి, ఎండిన కాలవలో నిలబెట్టారు. రెండు చివర్లా వెదురుబొంగులు పాతించారు. "ఇదేనర్రా మన గ్రౌండు. నీళ్లు వదిలేదాకా మనదే" అన్నారు.

మొదటిరోజే గట్టు మీద జనం చేరారు. లంగా ఓణీల వయసు పిల్లలు కాలవలో గెంతులేస్తుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది మరి. నాకు సిగ్గుతో కాళ్లు కదల్లేదు. పైనుంచి ఒక పెద్దాయన, "ఏంటండి టీచరు గారూ, ఈ గోల?" అన్నాడు. ఆవిడ తలెత్తి, "చూడ్డానికి వచ్చారు కదండీ, ఊరికే నిలబడ్డమెందుకు? బంతి పైకొస్తే కాస్త కిందకి తన్నండి" అన్నారు. అన్నట్టే బంతి పైకెళ్లింది. ఆయన తన్నాడు. బంతికంటే ముందు ఆయన చెప్పు వచ్చి మా మధ్యలో పడింది. అందరం పగలబడి నవ్వాం, ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత గట్టు మీద నిలబడ్డవాళ్లు మాకు పనివాళ్లయిపోయారు. ఆవిడ మాత్రం బంతి ఎటు పోతే అటు, గట్టు మీద దాంతోపాటు నడుస్తూనే ఉండేవారు. ఆట మధ్యలో ఒక్క అరుపు అరిచేవారు కాదు.

కాలవలో ఆటకి ఒక సుఖం ఉంది. బంతి బయటికి పోదు. పక్కకి తన్నితే గట్టు ఎక్కి, జారి, మళ్లీ మన కాళ్ల దగ్గరికే వస్తుంది. మేం దాన్ని విద్యలా నేర్చుకున్నాం. ఎదుటిపిల్ల అడ్డొస్తే గట్టుకేసి కొట్టడం, అది తిరిగొచ్చేలోపు ఆ పిల్లని దాటి అందుకోవడం. నేను అందులో మొనగత్తెని. మమ్మల్ని మించినవాళ్లు లేరనుకున్నాం.

వేసవి చివర్లో పక్క ఊరి కాలేజీ మైదానంలో పోటీ పెట్టారు. అంత వెడల్పు నేల మేం ఎప్పుడూ చూడలేదు. ఆట మొదలవగానే నా దగ్గరికి బంతి వచ్చింది. ఎదుటిపిల్లని చూసి, అలవాటు కొద్దీ పక్కకి కొట్టి, తిరిగొస్తుందని ముందుకి పరిగెత్తాను. బంతి తిరిగి రాలేదు. సున్నపు గీత దాటి, జనం కాళ్ల మధ్యనుంచి ఎటో పోయింది. విజిల్ ఊదారు, బంతి వాళ్లకిచ్చారు. మళ్లీ అంతే. నేనే కాదు, మా జట్టంతా అంతే. ఎవరు తన్నినా పక్కకే తన్నడం, లేని గట్టు కోసం ఎదురుచూడ్డం. చూసేవాళ్లు మొదట నవ్వారు, తర్వాత జాలిపడ్డారు. ఎన్ని గోల్స్ పడ్డాయో నేను లెక్కపెట్టలేదు.

తిరుగు బస్సులో అందరం ఏడ్చాం. ఆవిడ సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, కమ్మీ పట్టుకుని మా మధ్య నిలబడి, "ఏడవకండర్రా. తప్పు మీది కాదు, నాది. మీకు గట్టు అలవాటు చేశాను" అన్నారు. ఒక పెద్దమనిషి పిల్లల ముందు తప్పు నాది అనడం నేను వినడం అదే మొదటిసారి. ఆ మర్నాడే కాలవకి నీళ్లు వదిలారు. అందరం గట్టు మీద నిలబడి చూస్తుండగానే మా వెదురుబొంగులు మునిగిపోయాయి. ఇంక ఆట లేదనుకుని నేను ఇంటికొచ్చేశాను.

సాయంత్రం ఆవిడ మా ఇంటి ముందు ప్రత్యక్షమయ్యారు. నాన్న కుర్చీ వేస్తే చూడనైనా చూడలేదు. "దాళ్వా పంట కోసేశారు కదండీ. మళ్లీ దమ్ము చేసి నాట్లేసేదాకా ఆ రోడ్డు పక్క చేను మాకివ్వండి" అన్నారు.

"చేలో ఆటలేంటండి టీచరు గారూ? వరి మోళ్లు గుచ్చుకుంటాయి" అన్నాడు నాన్న.

"గుచ్చుకోనివ్వండి. ఆ చేనికి గట్లు పొట్టిగా ఉంటాయి, బంతి ఆగదు. నాకు అదే కావాలండి."

నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఆవిడ కదిలేట్టు లేరని ఇచ్చేశాడు. ఆ చేలో ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. ఎవరు బయటికి తన్నితే వాళ్లే పరిగెత్తి తెచ్చుకోవాలి. తెచ్చీ తెచ్చీ నా పాదాలు గీసుకుపోయాయి. ఓ రోజు ఇంక నా వల్ల కాదని గట్టు మీద కూలబడితే, పక్కన నిలబడి, "పోనీవే. పోతేనే గదా గీత ఎక్కడుందో కాళ్లకి తెలిసేది" అన్నారు. తొలకరి పడి నాగళ్లు దిగేనాటికి నా కాళ్లకి తెలిసింది. కళ్లు దించకుండానే, నేల ఎక్కడితో ఆఖరో తెలిసేది. ఆ సంతోషం ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఏడే ఆవిడకి కోనసీమ వైపు బదిలీ అయింది. తర్వాత వచ్చిన టీచరు మా చేత ముగ్గులు వేయించారు. నా ఆట అక్కడితో సరి. ఆడకపోయినా కుదురు రాలేదు. "ఆ టీచరమ్మ లక్షణం నీకు అంటుకుంది" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. టీచర్ గారు పోయారని ఆ మధ్య ఎవరో చెబితే తెలిసింది. ఏడుపు రాలేదు. ఇల్లంతా తిరిగాను, ఎక్కడా కూర్చోలేకపోయాను.

ఇదంతా హాసినికి కాలవ గట్టు మీదే చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే మా క్లబ్బు బాలేదంటావు" అంది.

"బాలేదనట్లేదే. ఎటు తన్నినా వల తగిలి వెనక్కి వచ్చేస్తుంది కదా అంటున్నా."

"మంచిదేగా. టైం వేస్ట్ అవ్వదు."

సంతోషంగా ఉన్న పిల్లని నా అశాంతి కోసం కదిలించొచ్చా అని నాకే అనుమానం. "రేపు ఒక్క పూట ఆ పాత మైదానానికి రా. నచ్చకపోతే సోమవారం మీ క్లబ్బుకే ఓకే చెప్పేస్తా" అన్నాను. ఒట్టు వేయించుకుంది. వేశాను.

ఆదివారం పొద్దున్న నీలవేణి దాన్ని ఆటలోకి పంపింది. దిగగానే హాసిని బంతి అందుకుంది, ఎదుటిపిల్లని చూసింది, పక్కకి కొట్టి ముందుకి పరిగెత్తింది. బంతి గీత దాటి రోడ్డు వారనున్న టీ బండి కిందకి పోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. హాసిని నిలబడిపోయి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఆ కాలేజీ మైదానంలో నేను చూసిన చూపే అది. "ఎవరు తన్నితే వాళ్లే తెచ్చుకోవాలమ్మా, ఇక్కడ అంతే" అంది నీలవేణి మామూలుగా. మా చేలో నియమమే అది. నేను గీత దగ్గరికి వచ్చేశాను.

పిల్ల పరిగెత్తింది. తెచ్చింది. మళ్లీ పోగొట్టింది, మళ్లీ పరిగెత్తింది. దాని మొహం కందిపోయింది. ఇంక చాలు, ఇంటికి పోదాం అంటుందని ఎదురుచూస్తూ, కేకెయ్యకుండా పళ్లు బిగబట్టి, బంతి ఎటు పోతే అటు గీత పక్కన నడిచాను. చివర్లో ఒక బంతి గీత మీదికి దొర్లుతుంటే హాసిని వెంటపడి, సరిగ్గా సున్నం మీద అరికాలితో ఆపి, తిరిగి లోపలికి కొట్టింది. నా వైపు చూడలేదు.

ఆటయ్యాక మోకాళ్ల దాకా దుమ్ముతో నేరుగా నీలవేణి దగ్గరికి పోయి, "మేడమ్, రేపు ఎన్నింటికి రావాలి?" అని అడిగింది. నన్ను అడగలేదు. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, నువ్వేంటలా గీత పక్కన తిరుగుతావు? అందరూ చూస్తున్నారు. కుర్చీ ఉందిగా, కూర్చోవచ్చుగా" అంది. రేపటినుంచి కూర్చుంటానన్నాను.

ఇప్పటిదాకా కూర్చోలేదు. గీత పక్కన గడ్డి అరిగి సన్నటి దారి పడిందని నిన్న నీలవేణి నవ్వుతూ చూపించింది. అది నా ఒక్కదాని అడుగులతో పడ్డ దారి కాదని ఆ అమ్మాయికి ఎలా చెప్పను?